ఉప్పు వేయని పప్పు

దయ్యాలను నేను నమ్మను. డెబ్బై ఎనిమిదేళ్లు వచ్చినా నమ్మలేదు, ఇది రాశాక కూడా నమ్మను. కాజీపేటలో రైల్వే లెక్కల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. తేదీ లేని మాటను పక్కన పెట్టడం నా అలవాటు.

మాది కాశిబుగ్గలో మగ్గాల ఇల్లు. మా నాన్నకు తాత చీరలు అమ్మడానికి బెజవాడ పోయి, అక్కడ బేరం గొడవలో ఒక మనిషిని చంపాడు. ఇంగ్లీషువాళ్ల కోర్టు అండమానుకు పంపింది. మళ్లీ రాలేదు.

పెత్తరమాస, అంటే భాద్రపద అమావాస్య నాడు, పెద్దలందరికీ మా ఇంట్లో వరుసగా విస్తళ్లు వేస్తారు. ఆయనది మాత్రం గడప బయట. అందులో పెట్టే పప్పుకు ఉప్పు వేయరు. "ఉప్పు సముద్రంల కూసున్నోనికి ఇంకా ఉప్పెందుకు" అని ఆయన భార్యే మొదలుపెట్టిందట.

మా అక్కకు ఎనభై నాలుగు. కిడ్నీలు పాడైతే డాక్టరు ఉప్పు మాన్పించాడు. నిరుడు పెత్తరమాస నాడు ఆ బయటి విస్తరి చూసి నవ్వింది.

"నాకూ ఉప్పు బందు, తాతకూ ఉప్పు బందు. నేను పోయేలోపల ఆయనను లోపట కూసోబెట్టుండ్రి."

తమ్ముడు ఒప్పుకోలేదు. "ఖూనీకోరును తీసుకొచ్చి నాయిన పక్కన కూసోబెడ్తవా అక్కా? అసలు ఏడ సచ్చిండో ఎవలకెరుక?"

"చెల్లె, నువ్వు లెక్కలదానివి గద," అక్క నావైపు తిరిగింది. "పోయి తేల్చుకరా."

ఫిబ్రవరిలో నా కూతురితో పోర్ట్ బ్లెయిర్ వెళ్లాను. పాత కాగితాల్లో ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు కలిశాయి. శిక్ష తీరాక అక్కడే మరో ఖైదీని పెళ్లి చేసుకుని, అక్కడే పోయాడు. వాళ్ల సంతతిలో నా వయసు ఆడమనిషి ఒకామె ఉంది. తెలుగు ఒక్క ముక్క రాదు. నాకు ఉర్దూ వచ్చు కాబట్టి మాట్లాడుకున్నాం.

నేనింకా మా ఇంటి సంగతులు ఎత్తలేదు. ఆమే చెప్పింది. ఏటా ఆ అమావాస్యకు, ఊళ్లో ఉండిపోయిన పెద్దభార్య పేరున ఒక గిన్నె పప్పు ఉప్పు లేకుండా వండుతారట. "ఆమె ఏడుస్తూనే ఉంటుంది, ఆ ఉప్పు చాలు" అని ముత్తాత అనేవాడట.

మా పప్పు సంగతి నేను చెప్పలేదు. చెబితే సాక్ష్యం చెడుతుంది. వాళ్లింట్లో మరొకరిని విడిగా అడిగితే అదే మాట వచ్చింది.

ఆ అమావాస్య దేశమంతా పెద్దలకు పెట్టేదే, రోజు కలవడం వింత కాదు. ఉప్పు సంగతి పోయేముందు భార్యాభర్తలు అనుకున్నారా అంటే, ఆయనను బెజవాడలోనే పట్టుకున్నారు, మళ్లీ ఇల్లు చూడలేదు. మనకు తెలియని కబురేదో నడిచి ఉంటుందని సర్దుకున్నాను.

తిరిగొచ్చి ఇదంతా ఇంట్లో చెప్పాను. ఈ ఏడు పెత్తరమాసకు తమ్ముడే విస్తరి తెచ్చి వరుసలో, నాన్న పక్కన వేశాడు. "రా తాతా, లోపటికే రా. గని బేరం ఆడకు" అన్నాడు. అక్క కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

"ఇంటికొచ్చిండు గద, ఇంకా చప్పిడెందుకు? ఉప్పెయ్యి చెల్లె."

అది అప్పటికప్పుడు అనుకున్నదే. ఆ పప్పులో మొదటిసారి ఉప్పు వేసింది నేను.

సాయంత్రం పోర్ట్ బ్లెయిర్ నుంచి ఆమె ఫోన్ చేసింది. గొంతులో భయం. ఆ పొద్దున పెద్దభార్య పప్పులో ఉప్పు వేసిందట. పొరపాటున కాదు, డబ్బా మూత తీసి, చూసుకునే వేసింది. ఎందుకు వేసిందో తనకే తెలియదు.

"గలతీ హో గయీ క్యా, బహెన్?" అని అడిగింది. తప్పేమీ కాలేదని చెప్పాను.

అక్కకు చెబితే ఆశ్చర్యపోలేదు. "వాళ్లు వాళ్లు కలుసుకున్నరు. నా పప్పే ఇంకా చప్పగున్నది" అంది. దీపావళి చూడకుండా పోయింది.

వచ్చే పెత్తరమాసకు అక్క విస్తరి తాత పక్కన వేయాలి. ఉప్పు వేసే వండుతాను. అంత దూరాన ఆ పొద్దున పోర్ట్ బ్లెయిర్ ఆమె చేయి ఉప్పు డబ్బా మీదికి ఎందుకు వెళ్లిందో ఇప్పటికీ తేలలేదు. దయ్యాలను నమ్మి ఆ లెక్క సరిచేసుకోలేను. అలాగే వదిలేశాను.