నాలుగు చక్రాలూ తట్టిన చప్పుడు

దెయ్యాల కబుర్లంటే నాకు ఒళ్ళుమంట. మా ఊళ్ళో పూరీ గేట్ దగ్గర టీ కొట్టులో ఎవరైనా మొదలెడితే గ్లాసు అక్కడే పెట్టేసి లేచొచ్చేసేవాణ్ని. చప్పుడొచ్చిందంటే ఎక్కడో నట్టు వదులై ఉంటాది, వెతికితే దొరుకుతాది. నాకు తెలిసింది అంతే. ఇప్పుడు చెప్పబోయే చప్పుడు కోసం మాత్రం వెతికి వెతికి అలిసిపోయినాను.

ముందు కార్ల సంగతి చెప్పాలి, లేకపోతే నా పిచ్చి మీకు తెలీదు. నేను రైల్వే ఆఫీసులో గుమస్తాని. మా కాలనీలో సైకిలు తరవాత స్కూటరు, స్కూటరు తరవాత రిటైర్మెంటు. నేను మాత్రం స్కూటరు అమ్మేసి పాత ఫియట్ కొన్నాను. స్టీరింగు పక్కనే గేరు. చెయ్యి అలవాటు పడిందంటే దానంత మాట వినే బండి ఇంకోటి లేదు. తరవాత అంబాసిడర్. దాన్ని నడపడమంటే మేనత్తని పెళ్ళికి బయల్దేరదీయడమే, ఓ పట్టాన కదల్దు. కానీ మా ఊరి ఇందా రోడ్డు గోతుల్లో ఆరుగురిని కుక్కి తీసుకెళ్ళినా ఒక్కరికీ నడుం నొప్పి రాదు. ఇప్పటికీ దాన్ని డొక్కు బండి అంటే నేను ఊరుకోను.

మా నాన్నది స్టేషన్లో చక్రాలు తట్టే పని. విజయనగరం వైపు నుంచి కుర్రతనంలోనే ఈ రైల్వే ఊరికి వచ్చేసినాడు. ముప్పై ఏళ్ళు, రైలు వచ్చి ఆగగానే పొడుగు కర్ర సుత్తి పట్టుకుని ఒక్కో చక్రమే తట్టుకుంటూ నడిచినాడు. బాగున్న చక్రం ఠంగుమంటాది. పగులుంటే బొంగురుగా పలుకుతాది.

రిటైరయ్యాక ఆ సుత్తి నా కార్ల మీదకి వచ్చింది. నేను తాళం తిప్పే ముందు నాన్న చుట్టూ తిరిగి నాలుగు చక్రాలూ తట్టేవాడు. చెవి ఒగ్గి వినేవాడు. అప్పుడు "ఠీక్ హై" అనేవాడు. ఆ మాట వస్తేగాని బండి కదలకూడదు. రబ్బరు టైరు వేసిన చక్రం ఏటి పలుకుతాది? టప్ మని చిన్న పొడి చప్పుడు, అంతే. అయినా వినేవాడు. పక్క క్వార్టర్‌లో ఉండే బెంగాలీ దాదా గోడ మీంచి చూసి, పచ్చజెండా తెమ్మంటారా అని వేళాకోళం చేసేవాడు. నాన్న నవ్వేసేవాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

ఎనభైల చివర్లో కొత్త మారుతి కొన్నాను, ఎర్రది. మొదటిరోజు ఇంజను స్టార్టయిందో లేదో తెలీక నడుస్తున్న బండికి మళ్ళీ తాళం తిప్పినాను, అంత నెమ్మది. చక్రాలకి వెండి రంగు. వాటిని పాత బనీనుతో నేనే తుడుచుకునేవాణ్ని, పిల్లల్ని కూడా ముట్టుకోనిచ్చేవాణ్ని కాదు. కారు ఇంటికొచ్చిన రోజు వీధంతా చేరి మిఠాయి తింటున్నారు. నాన్న సుత్తి పట్టుకుని బయటికొచ్చినాడు. మొదటి చక్రానికి సుత్తి ఆనకముందే చేతిలోంచి లాగేసినాను.

"ఇదేటి గూడ్సు మాల్‌గాడీ అనుకున్నావా? రంగు లేచిపోతాది. నీ డ్యూటీ ఎప్పుడో అయిపోయింది" అన్నాను, అందరి ముందూ.

నాన్న చెయ్యి చాపినాడు. సుత్తి తీసుకుని, లోపలికెళ్ళి మంచం కింద పెట్టేసినాడు.

ఆ తరవాత రెండేళ్ళు బతికినాడు. ఆ కారు ఒక్కసారీ ఎక్కలేదు. ఒంట్లో బాగోక ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చినప్పుడు కూడా రిక్షా పిలవమన్నాడు. నేను బతిమాలినాను.

"సూడకుండా ఎలా ఎక్కీదిరా" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే.

అప్పుడైనా మంచం కిందనుంచి సుత్తి తీసి చేతికివ్వొచ్చు కదా. ఇవ్వలేదు. మొండితనం నాది. రిక్షా ముందు, వెనక నా ఖాళీ కారు. అలా తీసుకెళ్ళినాను మా నాన్నని. తిరిగి ఇంటికి రాలేదు.

తాల్‌బగీచాలో ఉండే మా అప్ప, అంటే మా అక్క, ఆ సుత్తిని నాన్నతోపాటే చితి మీద పెట్టమంది. అస్థికలు ఏరేటప్పుడు కర్ర కాలిపోయి, నల్లబడ్డ ఇనప తల ఒక్కటీ దొరికింది. అప్ప దాన్నీ అస్థికల కుండలోనే వేసి గుడ్డ కట్టింది.

మర్నాడు పొద్దున్న కాసాయ్ నదికి బయల్దేరినాం. వెనక సీట్లో అప్ప, ఒళ్ళో కుండ. నా పక్కన మా ఆవిడ. నాన్న ఆ కారెక్కడం అదే మొదలు. రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగి ఆగింది. తాళం మీద చెయ్యి వేసినాను.

ముందు ఎడమ చక్రం దగ్గర టప్ మంది.

ఒక ముసలాయన నాలుగడుగులు వేసేంతసేపు ఏమీ లేదు. తరవాత వెనక ఎడమ చక్రం. మళ్ళీ అంతసేపు. వెనక కుడి చక్రం. ఆఖరున నా కాలి పక్కనే, ముందు కుడి చక్రం. అద్దాలు దించే ఉన్నాయి, బాగా తెల్లారింది. బయట మనిషన్నవాడు లేడు. మా ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడా నాలుగే లెక్కపెట్టింది.

వెనకనుంచి అప్ప గొంతు మెల్లిగా వచ్చింది. "నాన్న సూస్తన్నాడు. ఉండరా."

ఉన్నాను. ఠీక్ హై అన్న మాట కోసం ముగ్గురం కూచున్నాం. ఆ మాట రాలేదు. చివరికి అప్పే ఒళ్ళో కుండ సర్దుకుని, ఎల్దాంరా, పొద్దెక్కుతాది అంది.

నదిలో కుండ వదిలేసి వచ్చాక చూసినాను. నాలుగు చక్రాల మీదా, ఒకేలాంటి చోట, బొటనవేలి గోరంత మేర వెండి రంగు లేచిపోయి ఉంది. ఆ పొద్దున్నే వాటిని తుడిచినాను. అప్పుడు ఆ మచ్చలు లేవు.

రాయి తగిలిందంటే ఒక చక్రానికి తగుల్తాది, నాలుగింటికీ ఎలా తగుల్తాది? ఇందాలో మెకానిక్ దాదా దగ్గర చక్రాలూ బ్రేకులూ విప్పించినాను. అంతా బాగుందన్నాడు. రంగు వేసిమ్మంటారా అని అడిగినాడు. వద్దన్నాను.

తరవాత ఇంకో రెండు కార్లు మార్చినాను. వాటి గురించి అడిగితే ఇప్పటికీ గంటసేపు చెప్తాను. ఆ పొద్దున్న చక్రాలు తట్టిందెవరో మాత్రం చెప్పలేను. దెయ్యాలని ఇప్పటికీ నమ్మను.

చక్రాలు బాగున్నాయని మెకానిక్ చెప్పినాడు. మరి నాన్న ఠీక్ హై అని ఎందుకనలేదు? నామీద కోపం తీరకనా, గొంతు లేకనా? ఇప్పటికీ ఏ కారెక్కినా తాళం తిప్పే ముందు కాసేపు ఆగుతాను. మా ఆవిడ పక్క సీట్లో కూచుని తలుపు వేసుకుంటాది. తనూ ఆగుతాది.