షెడ్డులో పాసైన హీటర్

పంతొమ్మిది వందల తొంభైలో, జూలై నెలలో స్నోయీ పర్వతాల్లో దిగాను. ఆస్ట్రేలియాకి అది నడి చలికాలం. అక్కడి సైన్యంలో నేను బండ్ల మెకానిక్‌ని. గుంటూరు ఎండలో పెరిగిన ఒంటికి రెండు జతల మేజోళ్లు, ఒక ఉన్ని టోపీ ఇచ్చి, శిబిరంలో డీజిల్ ట్రక్కులు ఆగకుండా చూడమన్నారు. చెవులున్నాయో లేవో తడిమి చూసుకోవాల్సిన చలి.

ఒక ట్రక్కులో రేడియో ఉండేది. సిగ్నలర్ రోజంతా దాని క్యాబిన్‌లోనే కూర్చోవాలి. ఇంజను ఆపినా వెచ్చగా ఉండడానికి ఆ బండికి విడిగా డీజిల్ హీటరుంది. వేడిగాలి లోపలికి, పొగ బండి కిందికి పోతాయి. ఓ రోజు సిగ్నలర్ తల పట్టుకుని వచ్చాడు. అప్పటికే వాంతి చేసుకున్నాడు.

"హీటర్ వేస్తేనే ఇలా అవుతోంది, సార్జెంట్."

"పని ఎగ్గొట్టడానికి హీటర్ దొరికిందా?" అని సార్జెంట్ నావైపు తిరిగాడు. "టెస్ట్ చెయ్."

బండిని షెడ్డులోకి తెచ్చాను. బ్యాటరీ బాగుంది. డీజిల్‌ని అంటించే గ్లో ప్లగ్ ఎర్రబడింది. డీజిల్ పంపు టిక్కు టిక్కుమని సమంగా కొట్టుకుంది. పొగ గొట్టానికి చిల్లి లేదు. సార్జెంట్‌కి అది చాల్లేదు. సిగ్నలర్‌ని క్యాబిన్‌లో కూర్చోబెట్టి, అద్దాలు ఎత్తించి, హీటర్ వేయించి, అందర్నీ తమాషా చూడమని పిలిచాడు. గంటైనా అతనికి ఏమీ కాలేదు. అందరూ పగలబడి నవ్వారు. అతను ఏడవలేక నవ్వాడు.

చలిగాలి దూరకుండా బండి చుట్టూ పారలతో మంచు ఎత్తి గోడ కట్టడం మావాళ్ల అలవాటు. పొగ గొట్టం ఆ గోడ లోపలే ఉండిపోతుంది. షెడ్డులో ఆ గోడ లేదు.

"బండి నిలబడే చోటే ఇంకోసారి చూడాలి, సార్జెంట్. కింద చేరిన పొగ క్యాబిన్ అడుగు సందుల్లోంచి పైకొస్తుందేమో."

"పాసైందా, లేదా?"

"షెడ్డులో పాసైంది."

"ఇక చాలు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మర్నాడు సిగ్నలర్‌కి శిక్షగా రెండు డ్యూటీలు వేశాడు, అద్దం దించకూడదని ఆర్డరు కూడా. బయట మంచుగాలి. మధ్యాహ్నం మేమున్న గుడారంలో రేడియో పలికింది.

"సార్జెంట్, అద్దం దించుకోనా? తల..."

"లైన్ ఖాళీ చెయ్."

మళ్లీ పిలుపు రాలేదు. నేను ఆర్డరు కోసం చూడకుండా పరుగెత్తాను. మోకాళ్ల దాకా మంచు. తలుపు లాగాను. సిగ్నలర్ సీటుకి ఆనుకుని ఉన్నాడు. బుగ్గలు రెండూ ఎర్రగా నిగనిగలాడుతున్నాయి.

వెనకే వచ్చిన సార్జెంట్ అతని బూటుని తన్నాడు. "చూడు, ఎంత హాయిగా నిద్రపోతున్నాడో! లే!"

మా వెంటే పరుగెత్తుకొచ్చిన మెడిక్ మెడ దగ్గర నాడి పట్టి చూశాడు. "ఇతను లేవడు, సార్జెంట్. పోయాడు. బుగ్గల ఎరుపు పొగ విషానిది."

కింద పంపు ఇంకా టిక్కు టిక్కుమంటూనే ఉంది.

విచారణకొచ్చిన అధికారి కూడా బండిని షెడ్డులోకే తెమ్మన్నాడు. మంచుగోడ సంగతి చెప్పాను. అడిగినదానికే జవాబివ్వమన్నాడు. హీటర్ మళ్లీ పాసైంది. ఆనాటి కోపం నాకింకా చల్లారలేదు, చల్లారక్కర్లేదు కూడా.

మేముండే క్వేకర్స్ హిల్‌లో ఇంటికొచ్చాను. చర్చిలో పిల్లలు "అంకుల్, ఆర్మీలో ఏం చేశారు?" అంటే, హీటర్లు చూశానంటాను. నవ్వుతారు.

మరుసటి చలికాలం మా అమ్మాయి పెరట్లో ఆడుకుని వచ్చింది. "డాడ్, లుక్! మై చీక్స్ ఆర్ సో రెడ్!" అంది.

"అబ్బ, ఎంత ముద్దొస్తున్నాయో!" అంది మా ఆవిడ.

నేను పిల్లని ఎత్తుకుని మళ్లీ ఆ చలిలోకే పరుగెత్తాను. ఊపిరి పీల్చు, పీల్చు అని అరుస్తూనే ఉన్నాను.