ఖాళీగా వెళ్ళిన గిన్నె

ఆ గిన్నె సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఏళ్ళ తరబడి వికలాంగుల హోంలో ఉన్నవాళ్ళని బయటికి తెచ్చి, అద్దె ఇంట్లో, నలుగురి మధ్యా బతికేలా చూడటం నా ఉద్యోగం. అలా నేను తెచ్చినవాళ్ళలో ఒకావిడ అక్కడ ఇరవై రెండేళ్ళు ఉంది. పుట్టుకతోనే చేతులు వణుకుతాయి, మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. హోంలో ఆవిడకంటూ ఉన్నది నంబరు వేసిన ఒక పళ్ళెం. వంటగది గడప తొక్కనిచ్చేవారు కాదు. బయటికొచ్చాక ఏం చేస్తారని అడిగితే, "వండి... ఎవరికైనా... పెడతానండి" అంది.

అమలాపురంలో ఇల్లు వెతకడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. కుదరదని ఒక్కరూ మొహం మీద చెప్పలేదు. "మాకేం అభ్యంతరం లేదండీ, పై వాటా వాళ్ళే ఏమంటారో" అని కాఫీ ఇచ్చి మరీ పంపేశారు. ఆ కాఫీలు తాగి తాగి నాకు మర్యాదంటేనే విసుగు పుట్టింది. చివరికి అల్లవరం రోడ్డులో రెండు గదుల ఇల్లు దొరికింది.

అసలు కష్టం ఎదురింట్లో ఉందని అప్పుడు తెలియదు. ఎదురింటి పిన్నిగారు మంచి మనిషి. అదే తంటా. అడగందే అమ్మయినా పెట్టదంటారు, పిన్నిగారు అడక్కుండానే పూటపూటా పెట్టేవారు. ముద్దపప్పు, వంకాయ కూర, ఆదివారం చేపల పులుసు. వద్దంటే నొచ్చుకునేవారు. "పాపం, ఆ చేతుల్తో ఏం వండుకుంటుందండీ" అనేవారు. కొత్త పొయ్యి కొత్తగానే ఉండిపోయింది. హోంలో గంట కొడితే తినేది, ఇక్కడ గేటు చప్పుడైతే తింటోంది. ఇందుకా నేను చెప్పులరిగేలా తిరిగింది?

పిన్నిగారు ఎప్పుడూ పారేసే ప్లాస్టిక్ డబ్బాల్లోనే తెచ్చేవారు, తిరిగివ్వాలన్న బెంగ ఆవిడకి ఉండకూడదని. ఒకరోజు డబ్బాలు అయిపోయాయి కాబోలు, పనసపొట్టు కూర స్టీలు గిన్నెలో వచ్చింది. ఆవిడ ఆ గిన్నె తోమి, తుడిచి, ముందుగది అలమరలో బోర్లించింది. "ఖాళీగా... ఇవ్వకూడదండి" అంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ పక్కింటి గిన్నెలో గుప్పెడు పంచదారైనా పోసి పంపేదట. మర్నాటి నుంచి నన్ను పక్కన నిలబెట్టుకుని పప్పు వండటం మొదలుపెట్టింది. మొదటిరోజు మాడింది. రెండోరోజు ఉడకలేదు. మూడోరోజు తోపుడుబండి దగ్గర తనే దోసకాయ ఏరి కొనుక్కుంది.

ఆవిడ పెరట్లో కూర్చుని ఆ దోసకాయకి చెక్కు తీస్తుండగా పిన్నిగారు గేటు దగ్గరికి వచ్చారు.

"చుట్టాలొచ్చేరండీ, ఆ గిన్నె ఓసారి ఇస్తారా?"

పెరట్లో ఉన్న ఆవిడని పిలవచ్చు. కానీ ఆవిడ ముక్కల మాట పూర్తయ్యేదాకా ఆగలేక నేనే పూర్తిచేసే పాడు అలవాటు నాకుంది. ఆ తొందరతోనే గిన్నె తీసి ఇచ్చేశాను.

"ఖాళీగా ఇస్తున్నామండీ" అన్నాను.

"మీరేం పెడతారండీ, పాపం!"

"ఆయ్, అంతేనండీ" అన్నాను. అక్కడైనా నోరు మూసుకోవాల్సింది.

పప్పు దింపేసరికి రెండయింది. ఆవిడ గిన్నె కోసం అలమర దగ్గరికి వెళ్ళి, అలాగే నిలబడిపోయింది.

"తొందరంటే ఇచ్చేశాను. మన గిన్నెలో పంపిద్దాం లెండి" అన్నాను.

"హోంలో కూడా... ఇంతేనండి" అంది. కళ్ళనిండా నీళ్ళు. "నా పనులన్నీ... మీరే... చేసేస్తారు."

చెంప మీద కొట్టినట్టయింది. నేను ఏదో సర్దిచెప్పేలోపే ఆవిడ రోడ్డు దాటేసింది. వెనకే పరిగెత్తాను. నిండా చుట్టాలున్న ఇంట్లో నిలబడి, "ఇందాకటి... గిన్నె ఇవ్వండి. ఖాళీగా... వచ్చేసింది" అంది. పిన్నిగారు బిత్తరపోయి ఇచ్చారు. ఇంటికొచ్చి అందులో పప్పు పోసి, మూత పెట్టి, గుడ్డ చుట్టి, రెండు చేతుల్తో పట్టుకుని మళ్ళీ బయల్దేరింది. నేను పట్టుకుంటానని చెయ్యి చాపితే మోచేత్తో తోసేసింది. దారిపొడుగునా పప్పు చిందింది, చీర మీద పసుపు మరకలు పడ్డాయి.

పిన్నిగారు మూత తీసి, అరచేతిలో కాస్త వేసుకుని రుచి చూశారు. 'బాగుందమ్మా, పాపం' అంటారని నేను పళ్ళు బిగపట్టుకుని నిలబడ్డాను.

"ఉప్పు తగ్గిందమ్మాయ్" అన్నారు.

నాకు కోపం నషాళానికంటింది. మూడురోజుల కష్టం, ఆ వణికే చేతులు, ఒక్క మంచి మాటకి నోరు రాలేదా? గట్టిగా నాలుగు అడగబోయాను. అప్పటికే ఆవిడ మొదలుపెట్టింది. వాక్యం నా నాలుక చివరికి వచ్చినా, ఈసారి నేను పూర్తిచేయలేదు.

"మీ పనసపొట్టులో... మొన్న... ఆవ... ఎక్కువైంది... పిన్నిగారూ."