ఇత్తడి రెయిలింగు

ఆ లిఫ్టు మెకానిక్కును పేరుపెట్టి పిలిచేవాళ్లు తక్కువ. కంపెనీలో, వీధిలో, ఆఖరికి అత్తవారింట్లో కూడా అతను ‘పాదరసం’. అన్నం తింటూ తింటూనే లేచి కిటికీలోంచి చూసి వచ్చే రకం. పెళ్లి ఫొటోలో కూడా కదిలాడట. తన పక్కనున్నది మనిషో మబ్బో ఇప్పటికీ తెలియదని భార్య దెప్పుతుంటుంది.

అలాంటివాడు ఒక పాత భవనంలో లిఫ్టు బాగుచేస్తూ అడుగునున్న గోతిలోకి జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. లోపల రాడ్డు వేసి, నెలల తరబడి మెట్లు దిగొద్దన్నారు డాక్టరుగారు. వాళ్లుండేది నాలుగో అంతస్తు. వాళ్ల భవనానికి లిఫ్టు లేదు.

మంచం మీదే కూర్చుని అతను గడియారం, ఫ్యాను రెగ్యులేటరు, మిక్సీ ఒక్కొక్కటే విప్పి బిగించాడు. మిక్సీ మళ్లీ తిరగలేదు.

“విరిగింది మీ కాలు. ప్రాణం మీదికొచ్చింది మాత్రం నాకు,” అంది భార్య. ఆమె కట్టుడుపళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. ఆ సాయంత్రమే అటక మీదినుంచి తన తమ్ముడి అట్టపెట్టె దించి అతని ఒళ్లో పెట్టింది.

తమ్ముడు యుద్ధనౌకలో నావికుడు. తాను పనిచేసే ఓడకే చిన్న నమూనా కిట్టు కొని, ప్లాస్టిక్ ముక్కలతో ఓడ ఒళ్లంతా అతికించి, సెలవైపోయి వెళ్లిపోయాడు. మిగిలింది పెట్టె అడుగునున్న పల్చటి ఇత్తడి రేకు. రెయిలింగులు, నిచ్చెనలు, రాడారు వల అన్నీ యాసిడ్‌తో తొలిచినవే, ఫొటో తీసినంత కచ్చితంగా ఆ రేకులోనే ఉన్నాయి. వాటిని కోసి, వంచి, ఓడకు అంటించాలి.

మొదటి రెయిలింగు వంచబోతే పుటుక్కున విరిగింది. ఒక నిచ్చెన పట్టకారులోంచి ఎగిరి మాయమైంది. ఆమె నేలంతా తడిమింది, అతను మంచం మీంచి టార్చి పట్టుకున్నాడు. దొరకలేదు. మర్నాడు ల్యాబు నుంచి రాగానే ఆమె దాన్ని అతని అరచేతిలో పెట్టింది.

“నా జడలో ఉందట. పేలు ఎక్కి దిగడానికా అని మా సూపర్‌వైజరు అడిగాడు.”

“ఏం చెప్పావు?”

“మా ఆయన కాలు బాగయ్యేదాకా లిఫ్టు పెట్టలేడని చెప్పాను.”

ఆమె పళ్లకు వాడే సన్న పట్టకారు తెచ్చిచ్చింది. జిగురు సూదిమొనతో తాకించాలని చూపించింది. అతను కాస్త అంటించి, విసుక్కుని, మంచం పట్టీ మీద దరువేసి, మళ్లీ అందుకునేవాడు.

అంతలో సముద్రంలో పెద్ద తుఫాను పట్టింది. తమ్ముడి ఓడ అటే వెళ్లిందని టీవీలో చెప్పారు. ఫోను కలవలేదు. నౌకాదళం ఆఫీసుకు చేస్తే, ఏదైనా తెలిస్తే చెబుతామన్నారు.

ఇక కాలుకాలిన పిల్లిలా తిరగడం ఆమె వంతైంది. పొయ్యి మీద గిన్నె పెట్టి కిటికీ దగ్గరికి పోయేది, మాడువాసనకు పరుగెత్తుకొచ్చేది. అతను మాత్రం ఓడ వెనకభాగం రెయిలింగు పట్టుకుని కూర్చున్నాడు.

“ఆపండి ఆ బొమ్మలాట. అక్కడ వాడెలా ఉన్నాడో ఏమో.”

“ఆపి ఏం చెయ్యను? వీధిలోకి కూడా పోలేను. వాడికి పట్టుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.”

ఆమె వచ్చి దీపం అతని వైపు జరిపి, మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లింది.

తుఫాను తీరం దాటాక ఫోను వచ్చింది. “అక్కా, నేను బాగానే ఉన్నా,” అన్నాడు తమ్ముడు. అంతే, లైను తెగిపోయింది. ఆమె ఫోను చెవికి ఆనించుకునే వెళ్లి పొయ్యి ఆపింది.

తర్వాత సెలవు మీద వచ్చాడు. రెండు అరచేతులకూ కట్లు. బల్లమీది ఓడను చాలాసేపు చూసి, వెనక రెయిలింగు దగ్గర వేలు పెట్టాడు.

“ఇక్కడే బావా. అల కొట్టినప్పుడు నేనూ మా వంటాయనా ఇక్కడే ఉన్నాం. నాకు కమ్మీ దొరికింది. ఆయనకు దొరకలేదు.”

మెకానిక్కు ఆ రెయిలింగు మీదికి వంగి చూశాడు.

“అక్కడ కొంచెం వంకరగా అంటించాను. తీసి మళ్లీ పెట్టనా?”

“వద్దు. అదీ అలాగే వంగింది.”

సెలవు ఇంకా ఉండగానే తమ్ముడికి ఇంట్లో కాలు నిలవడం మానేసింది. గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగేవాడు. ఒకరోజు బట్టలు సర్దుకున్నాడు.

“ఇంక వెళ్లకురా. నా మాట విను,” అంది అక్క.

“ఇక్కడ నేల కదలట్లేదక్కా. నిద్రపట్టట్లేదు.”

ఆమె భర్తవైపు చూసింది. అతను చేతికర్ర అటూ ఇటూ తిప్పుతూ, “వెళ్లనీ. కట్టేసి కూర్చోబెడితే ఏమవుతుందో నాకు తెలుసు,” అన్నాడు. ఆ మాటకు ఆమె అతనితో చాన్నాళ్లు ముభావంగానే ఉంది. తమ్ముడు బయల్దేరేనాటికి డాక్టరుగారు మెట్లు దిగనిచ్చారు కాబట్టి, బస్సు దాకా బావమరిది వెంట కర్రతో అతనే వెళ్లాడు.

కంపెనీ అతన్ని మళ్లీ గోతుల్లోకి దింపలేదు. లిఫ్టు ఆగిపోయిందని ఫోను చేసేవాళ్లకు జవాబు చెప్పే సీటు ఇచ్చింది. సీటన్న మాటే గానీ, అతను నిలబడే మాట్లాడతాడు. తీగ సాగినంత దూరం నడుస్తాడు. మబ్బు పట్టిన రోజున ల్యాబు నుంచి భార్య ఫోను చేస్తుంది.

“తిన్నారా?” అంటుంది.

“పొద్దున వాడు మెసేజ్ పెట్టాడు. బాగానే ఉన్నాడట,” అంటాడు అతను.