ధనంజయ ఊగులాట

శ్రీకాళహస్తిలో కలంకారీ బొమ్మలు వేసే ధనంజయ కల్లు వాసనకే ముక్కు మూసుకునే మనిషి. అలాంటివాడు టీకొట్టు ముందు అటూ ఇటూ ఊగుతుంటే ఊరు ఊరుకుంటుందా? కబురు పలమనేరులో ఉన్న, పిల్లనిచ్చిన మామ మునిరామయ్య దాకా పోయింది. ఆయన మొదటి బస్సుకే వచ్చి దిగాడు.

"నోరు తెరువప్పా," అంటూ వీధి అరుగు మీద, నలుగురి ఎదుటే, అల్లుడి నోటి దగ్గర ముక్కు పెట్టాడు.

"తాగలా మామా. సద్దిలో ఎర్రగడ్డ కొరుక్కున్యాను."

ఉల్లి వాసన గుప్పుమంది. "అది తెలస్తానే ఉండాది. మల్ల ఎందుకట్ల ఊగతా ఉండావు?"

"ఊగకపోతే పాప కంటికి ఆనను మామా."

ధనంజయ కూతురు చంద్రకాంతకు నాలుగేళ్లు. పుట్టుకతోనే ఏదో అరుదైన నరాల జబ్బు. మెడ నిలవదు, అప్పుడప్పుడూ మూర్ఛ. కళ్లు బాగానే ఉన్నాయి కానీ, అవి చూసినదాన్ని మెదడు పోల్చుకోలేకపోతోందని వేలూరు డాక్టరు చెప్పాడు. ఇంటినిండా నాన్న వేసిన దేవుళ్లూ, లతలూ, నెమళ్లూ వేలాడుతున్నా పిల్ల ఒక్కదానివైపూ చూడలేదు. నాన్న మొహానికీ అదే మర్యాద. ఒకరోజు కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన పసుప్పచ్చటి గుడ్డ, ఇంకా ఒక్క గీతైనా పడనిది, గాలికి ఊగింది. పిల్ల దానివైపు చూసి కిలకిలా నవ్వింది! ఆ గుడ్డ మీద ధనంజయకు అసూయ పుట్టింది. బొమ్మల్లేకుండా కదిలేదే పిల్ల కంటికి ఆనుతుందని తోచి, మర్నాడే పువ్వూ కొమ్మా లేని పసుప్పచ్చ తువ్వాలు మెడకు చుట్టుకుని, బోసిగోడ ముందు ఊగడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు నవ్వు దక్కింది. ఊగడం మాత్రం ఒంటికి అంటుకుపోయింది.

మునిరామయ్య నమ్మలేదు. "యాదీ, సూపించు. అబద్దమైతే మద్యానం బస్సుకు తల్లినీ బిడ్డనీ తీస్కపోతా."

ధనంజయ మామను ఇంట్లోకి, బోసిగోడ ముందుకు తీసుకెళ్లాడు. తువ్వాలు చుట్టుకుని ఊగాడు. భార్య సుబ్బులమ్మ ఒళ్లో ఉన్న చంద్రకాంత ఒక్క క్షణం చూసి, మొహం పక్కకు తిప్పేసుకుంది.

"అదిగో! నీ మొగం దానిగ్గూడా పట్టలా!"

"ఉండు నాయనా," అంది సుబ్బులమ్మ. "అందుకునేటప్పుడు అది అట్లే తిప్పుకుంటాది."

మొహం అటే ఉంది. చెయ్యి మాత్రం మెల్లగా ఇటు వచ్చి, తువ్వాలు కొసను పట్టుకుని లాగింది. ధనంజయ ఊగడం ఆపలేదు, భయానికి.

మునిరామయ్య చెయ్యి చాపాడు. "నన్నెప్పుడూ సూల్యా ఇది. ఆ తువాల ఇట్లియ్యి."

కాసేపటికి నీళ్లబిందెతో పోతున్న పక్కింటి అక్కమ్మ గుమ్మంలో ఆగిపోయింది. "ఏమ్మే సుబ్బులూ, మీ నాయనకూ కల్లు పట్టించినాడా మీ ఆయన?"

"గమ్మునుండమ్మా!" అన్నాడు మునిరామయ్య, ఊగుతూనే. "పాప నన్ను సూస్తా ఉండాది."