కర్టెన్ గుడ్డ డాక్టరుగారు

మా డాక్టరుగారికి కథలు చెప్పడం రాదు. రాదంటే మామూలుగా రాకపోవడం కాదు. ఆవిడ నోరు విప్పితే గోడ మీది బల్లి కూడా పక్కగది చూసుకునేది. పదకొండేళ్లు ఆవిడ దగ్గర టెక్నీషియన్‌గా పనిచేసినదాన్ని, నేను కాకపోతే ఈ మాట ఎవరంటారు?

ఆసుపత్రంతా ఆవిణ్ణి చాటుగా "సాగుడు డాక్టరమ్మ" అనేవాళ్లు. ఆవిడ లిఫ్టు ఎక్కితే మిగతావాళ్లకి హఠాత్తుగా మెట్లంటే ప్రేమ పుట్టుకొచ్చేది. కాంటీన్‌లో ఆవిడ ట్రే పట్టుకుని వస్తుంటే గుండె డాక్టరు సగం తిన్న ప్లేటు వదిలేసి "ఎమర్జెన్సీ!" అని లేచేవాడు. ఓ రోజు ఆవిడ ఆయన వెంటే మూడంతస్తులు దిగి, ఆయన కారెక్కి తలుపేసుకునేదాకా చెప్పారు.

"తలుపేసుకున్నాక బయటపడ్డట్టేగా సార్?" అనడిగాను.

"ఎక్కడ! కంగారులో అద్దం దించేశాను!" అన్నాడాయన దీనంగా.

పోనీ కథలు నాలుగైనా ఉన్నాయా అంటే, ఒక్కటే. ఆవిడ ఆడపడుచు కర్టెన్ గుడ్డ కొనడం.

"కొట్టు పదింటికి తీస్తారు. మేం పావు తక్కువ పదికే వెళ్లాం. కాదు కాదు, పది తక్కువ పది. ఎందుకంటే నా గడియారం ఐదు నిమిషాలు ముందుండేది. వెనకా? ఉండండి, ముందే. ఆకుపచ్చ చూపించమన్నాం. మా ఆడపడుచు లేతాకుపచ్చ అంది. లేతాకుపచ్చలో కాస్త ముదురు. మరీ ముదురు కాదు..."

ఈ కథకి ముగింపు విన్నవాళ్లు లేరు. గుడ్డ కొన్నారో లేదో కూడా ఎవరికీ తెలీదు.

మా గదిలో పని వేరేగా ఉండేది. ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో చూసేవాళ్లు కింది అంతస్తులో ఉన్నారు. వాటికి "పీల్చు, వదులు" అని లోపల్నుంచి ఆజ్ఞాపించేది సరిగ్గా ఉందా లేదా అన్నది మేం చూసేవాళ్లం. మనిషి ముక్కుకి క్లిప్పు పెట్టి, నోటికి గొట్టం అందించి, ఓ రబ్బరు సంచిలోకి ఊపిరి వదలమంటాం. మళ్లీ అదే గాలి పీల్చాలి. సంచిలో ఆక్సిజన్ కావలసినంత ఉంటుంది గనక ప్రమాదం లేదు. కానీ వదిలిన గాలే తిరిగొస్తుంటే చెడ్డగాలి పెరుగుతుంది. అది పెరిగేకొద్దీ ఎవరూ చెప్పకుండానే ఊపిరి పెద్దదవుతుంది. మూడో నిమిషానికి నాలుగంతస్తులు పరిగెత్తి ఎక్కినట్టు ఎగశ్వాస వస్తుంది. గాలి ఎంత చెడితే ఊపిరి ఎంత పెరిగిందో కాగితం మీద రెండు గీతలు చెబుతాయి.

చిక్కల్లా ఒక్కటే. మనిషి తన ఊపిరి గురించి తలచుకోకూడదు. తలచుకున్నాడా, అది చుట్టాల ముందు నిలబెట్టిన పిల్లాడిలా వేషాలు మొదలుపెడుతుంది. అందుకే నోట్లో గొట్టంతో, కదల్లేక, కాదనలేక కూర్చున్న మనిషికి మా డాక్టరుగారు కర్టెన్ గుడ్డ కథ ఎత్తుకునేవారు.

చేరిన కొత్తలో అడిగాను. "ఏదైనా పాట పెట్టొచ్చు కదండీ?"

"పాట పెడితే ఊపిరి తాళం వేస్తుందమ్మాయ్."

"పోనీ, మంచి కథ?"

"మంచి కథైతే ఊపిరి బిగబట్టి వింటారు. ఊపిరిని దాని మానాన వదిలేసేది విసుగొక్కటే."

అప్పుడు నవ్వుకున్నాను. బస్సు డ్రైవరు వచ్చిన రోజున నా నవ్వు నాకే సిగ్గనిపించింది.

ఎండుపుల్లలాంటి మనిషి. రెండేళ్ల కిందట మెదడువాపు జ్వరం వచ్చి తగ్గిందట. అప్పట్నుంచీ పొద్దున్నే తలపోటు, పగలంతా కునుకు. సిగ్నల్ దగ్గర నిద్రపోతే స్టీరింగ్ లాక్కున్నారు. డిపోలో కుంభకర్ణుడని పేరు పెట్టారు. "ఎనిమిది ఆసుపత్రులు తిరిగామమ్మా," అంది ఆయన భార్య. "ఊపిరితిత్తులు గుర్రానికున్నట్టున్నాయంటారు. బద్ధకం అంటారు. ఈయన బద్ధకస్తుడు కాదమ్మా. పెదాలు చూడండి, నేరేడు పండు తిన్నట్టు ఎలా ఉన్నాయో!"

ఊదమంటే యంత్రం అదిరేలా ఊదాడు. పీల్చమంటే గదిలో గాలంతా పీల్చాడు. మరి జబ్బేదీ? నాకేమీ అర్థం కాలేదు.

సంచి తగిలించాం. డాక్టరుగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "కొట్టు పదింటికి తీస్తారు..."

ఒక నిమిషం. చెడ్డగాలి గీత పైకి లేచింది. ఊపిరి గీత మాత్రం కదల్లేదు.

రెండు నిమిషాలు. ఈపాటికి ఎవరైనా భుజాలెగరేస్తారు. ఈయన కళ్లు మూసుకుని చల్లగా కూర్చున్నాడు.

మూడు నిమిషాలు. మొదటి గీత కొండెక్కింది. రెండోది చెరువులో నీళ్లలా అలాగే ఉంది. ఆ మనిషి లోపల ఎవరూ కాపలా లేరు! తలచుకుంటేనే ఊపిరి, తలచుకోకపోతే అంతంతమాత్రం. రెండేళ్లుగా నిద్రపోయిన ప్రతిసారీ లేచి రావడమే గొప్ప. అంత పెద్ద సంగతి, ఎనిమిది ఆసుపత్రుల కళ్లుగప్పి, లేతాకుపచ్చకీ ముదురాకుపచ్చకీ మధ్య బయటపడింది.

డాక్టరుగారు కాగితం చూసి ఓ క్షణం ఆగారు. ఆగగానే డ్రైవరు కళ్లు తెరిచి, మణికట్టు తిప్పుతూ 'ఊఁ, తర్వాత?' అని సైగ చేశాడు. పదకొండేళ్లలో ఆ కథకి 'తర్వాత' అన్న ఒకే ఒక్క మనిషి! ఆవిడ గొట్టం తీసి, ఆయన భార్యని లోపలికి పిలిచారు.

"మీ ఆయన బద్ధకస్తుడు కాదమ్మా. మీరు చెప్పిందే నిజం."

ఆయన భార్య అక్కడే నేలమీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది.

నిద్రలో ఊపిరి అందించే యంత్రం, మాస్కు ఇచ్చాం. నాలుగు నెలల తర్వాత మళ్లీ చూపించుకోడానికి వచ్చాడు. పెదాలకి రంగొచ్చింది. డిపోలో కొత్త డ్రైవర్లకి పాఠాలు చెబుతున్నాడట. యంత్రంలో వేసే కాగితం చుట్ట కోసం బయటికొచ్చిన నాకు ఆయన గొంతు వినిపించింది. పక్కన ఓ టీచరుగారు చేతిసంచీ గుండెకి హత్తుకుని కూర్చున్నారు. అప్పటికే రెండుసార్లు లేచి వెళ్లిపోబోయారు.

"లోపల ఊపిరాడదటగా అండీ?"

"పరీక్షదేముందండీ! ప్రాణం తీసేది ఆవిడ కథ."

"కథా? ఏం కథ?"

"చెబితే పాపం తగులుతుంది. నేను విన్నాను, ఇదిగో, బతికే ఉన్నాను."

టీచరుగారు ఫక్కున నవ్వారు. వరసలో ఉన్నవాళ్లూ నవ్వారు. అక్కడే నిలబడిపోయాను. ఆ ఆఖరి నిమిషం ఎలా ఉంటుందో నాకు తెలుసు. చేతులు చెమటలు పడతాయి, కళ్లు పెద్దవవుతాయి. అయినా ఇన్నేళ్లలో భయమేసిందని చెబుతూ బయటికొచ్చినవాళ్లని నేను చూడలేదు. అందరూ కథని తిట్టుకుంటూనే వచ్చారు.

లోపలికెళ్లి అడిగాను. "బయట మీ గురించి ఏమనుకుంటున్నారో తెలుసా అండీ?"

"తెలుసమ్మాయ్. నువ్విక్కడ చేరకముందు ఒకాయన గొట్టం పీకేసి పారిపోయి, బయటున్న ఐదుగురితో తన ఊపిరి ఆగిపోయిందని చెప్పాడు. ఐదుగురూ లేచి వెళ్లిపోయారు. అందులో ఎవరికి నిజంగా జబ్బుందో ఏమో!" అని క్లిప్పు తుడుస్తూ అన్నారు. "ఎలాగూ దేనికో ఒకదానికి భయపడతారు. యంత్రానికి భయపడేకన్నా నాకు భయపడటం నయం కదూ?"

"మరి కాంటీన్‌లో వాళ్లనెందుకండీ చంపుతారు?"

"పేరు ఊరికే నిలబడుతుందా? నిలబెట్టుకోవద్దూ!"

ఇంతలో టీచరుగారు చరచరా లోపలికొచ్చారు. కుర్చీలో కూర్చుని, నా చేతిలోంచి క్లిప్పు తీసుకుని తనే ముక్కుకి పెట్టుకున్నారు.

"కానివ్వండి డాక్టరుగారూ," అన్నారు ముక్కుతో. "ముప్పయ్యేళ్లు స్టాఫ్ మీటింగుల్లో కూర్చున్నదాన్ని. మీ కథ నన్నేం చేస్తుందో చూస్తాను."

మా డాక్టరుగారి మొహంలో కంగారు చూడటం నాకదే మొదటిసారి.