వేలికి తొడిగిన వేలు

దుర్గారావు గ్లవ్స్ వేసుకున్న చేతులతో, చనిపోయిన మనిషి కుడి బొటనవేలి తొక్కను ఒలుస్తున్నాడు. ఐదు రోజులు పోర్టు నీళ్లలో నానిన శవం. మిగతా వేళ్లను చేపలు మిగల్చలేదు. ఈ ఒక్క తొక్కా చిరిగితే, ఆ మనిషి ఎవరో ఇక తేలదు.

మార్చురీ తలుపు బయట యారాడ నుంచి వచ్చిన అసిరమ్మ కూర్చుని ఉంది. వేటకు వెళ్లిన ఆమె మొగుడు రాము తిరిగి రాలేదు. మత్స్యకారుల సంఘం రిజిస్టర్లో అతని బొటనవేలి ముద్ర ఉంది. ఈ ముద్ర దానితో కలుస్తుందా లేదా అన్నదే చూడాలి.

దుర్గారావు ఇరవై ఏళ్లుగా పోలీసు క్లూస్ టీంలో వేలిముద్రలు తీస్తున్నాడు. శవం తొక్కను తన వేలికి తొడుక్కుని ముద్ర తీసే ఈ పని మాత్రం అతనికి ఎవరూ నేర్పలేదు. ఉడికించిన టమాటా తొక్కను వేలికి తొడుక్కుని, చిరగకుండా కాగితం మీద దొర్లిస్తూ ఇంట్లోనే సాధన చేశాడు. ఆ నెలంతా వాళ్లింట్లో రోజూ టమాటా చారే.

తొక్కను స్పిరిట్‌లో ముంచి తీసి, తన బొటనవేలికి తొడుక్కుని, దాని మీద సిరా పూశాడు.

ఫొటోలు తీస్తున్న కామరాజు కెమెరా దించాడు. "బావా, ఇప్పుడు నువ్వు ఆఫీసులో బయోమెట్రిక్ నొక్కితే అటెండెన్స్ ఎవుడికి పడతాదేటి?"

"ఆడికే. నాకు ఆబ్సెంటు."

ఇద్దరూ పగలబడి నవ్వారు.

"లోపల నవ్వుతన్నారేటి బాబూ?" బయటి నుంచి అసిరమ్మ గొంతు. "అయితే మా ఆయన కాడా? కాడనే గదా నవ్వుతన్నారు?"

తలుపు మూశారు గానీ, పైన తెరిచి ఉన్న కిటికీ సంగతి ఎవరికీ గుర్తులేదు. సిరా అంటిన దుర్గారావు వేలు వణకసాగింది. ముద్ర అలుక్కుపోతే మళ్లీ తీయడానికి ఈ తొక్క ఆగదు.

"ఏదోటి అను బావా, సెయ్యి ఆగట్లేదు," అన్నాడు దుర్గారావు, పెదాలు కదిలీ కదలకుండా.

కామరాజు అతని చెవి దగ్గరికి వంగాడు. "ఆడు నిమ్మళంగానే ఉన్నాడు. ఒణుకుతన్నది నువ్వే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వేలు మాత్రం కుదుటపడింది. కాగితం మీద ఆ అంచు నుంచి ఈ అంచుకి ఒక్కసారి దొర్లించి ఎత్తాడు.

రిజిస్టర్ ముద్ర పక్కన పెట్టి భూతద్దంలో చూశాడు. గేలం తాడు కోసిన పాత గాటు రెండింటిలోనూ ఏటవాలుగా ఉంది. గీతలు ఒక్కొక్కటే పోల్చాడు. మళ్లీ మొదటి నుంచి పోల్చాడు. కలిశాయి.

తొక్కను తిరిగి ఆ వేలికే తొడిగి, గుడ్డ కప్పి, చేతులు కడుక్కుని సంతకం పెట్టాడు.

తలుపు తీయగానే అసిరమ్మ లేచి నిలబడింది. అతని ముఖం చూసింది. "నవ్వారు గదా బాబూ..."

దుర్గారావు తల దించుకుని, ఆమె పక్కనే నిలబడ్డ ఎస్సై గౌరీశ్వరి చేతిలో కాగితం పెట్టాడు.